ఉప్పునీళ్లు మింగి రైలెక్కిన మనిషి

మా ఆయన జబ్బు ఒక పెళ్లి ప్రయాణంలో మొదలైంది. ఇది డెబ్భైల చివరి మాట. మాది లాల్‌దర్వాజా. ఆయన బస్సు డిపోలో మెకానిక్, ఇంట్లో పాల వ్యాపారం మా అత్తమ్మది. డిపోలో ఆయనతో పనిచేసే మనిషి చెల్లెలి పెళ్లికని ఇద్దరం చీరాల వైపు బయలుదేరాం. గడప దాటేదాకా అత్తమ్మది ఒకటే పాట.

"సముద్రానికి పోతున్నరు. మొగుడు పెండ్లాలు కొంగులు ముడేసుకొని మునగాలె. ఉత్తగ మునిగితే పుణ్యం రాదు."

పెళ్లైన మర్నాడు పొద్దున్నే ఊరికి దూరంగా ఉన్న ఒడ్డుకు నడిచి వెళ్లాం. కాపలా మనిషి లేడు, హెచ్చరిక బోర్డు లేదు. కాస్త అవతల ఇద్దరు జాలర్లు వల బాగుచేసుకుంటున్నారు. హుస్సేన్‌సాగర్ చూసి పెరిగినవాళ్లం, నీళ్లంటే ఉన్నచోట ఉండేవే అనుకున్నాం. తువ్వాలను ఆయన నడుముకు బిగించి కట్టి, దానికి నా కొంగు ముడివేశాను. చేతులు పట్టుకుని మోకాళ్ల లోతుకు దిగాం.

మొదటి మునక బాగానే అయింది. రెండోదానికి వంగగానే కాళ్ల కింద ఇసుక జారిపోయింది. అల నన్ను ఒడ్డు వైపు తోసింది, వెనక్కి పోయే నీళ్లు ఆయనను లోపలికి లాగాయి. మధ్యలో ఆ ముడి. ఆయన లేవబోయిన ప్రతిసారీ తడిసిన నా చీర బరువుకు మళ్లీ పడిపోతున్నాడు. ముడి విప్పుదామంటే వేళ్లకు రావడం లేదు. నీళ్ల కింద ఆయన నోరు తెరుచుకుని ఉండటం చూశాను. నా గొంతులోంచి ఏం కేక వచ్చిందో నాకు తెలియదు. జాలర్లు పరుగెత్తుకొచ్చి, కత్తితో కొంగు కోసి ఇద్దరినీ ఈడ్చి ఒడ్డున పడేశారు.

ఆయనను పక్కకు తిప్పితే నీళ్లు కక్కుకున్నాడు. కాసేపటికి లేచి కూర్చుని నవ్వాడు. నవ్వుతూనే దగ్గుతున్నాడు. జాలర్లలో పెద్దాయనకు ఆ దగ్గు నచ్చలేదు.

"ఆస్పత్రికి తీసుకెళ్లండమ్మా. నీళ్లు బాగా మింగాడు. ఇక్కడ మేమే లోపలికి దిగం, మీరెట్టా దిగారు?"

"ఏం గాలే భాయ్, నీళ్లన్నీ పొయినయ్," అన్నాడు మా ఆయన. నావైపు తిరిగి మెల్లగా, "అమ్మకు చెప్పకు. తన మాట పట్టుకునే గిట్లయిందని కుమిలి కుమిలి చస్తది," అన్నాడు. ప్రాణాలతో ఉన్నాడు, అంతే చాలనుకున్నాను. సాయంత్రం రైలెక్కాం.

రైల్లో ఆయన పడుకోలేకపోయాడు. పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. కిటికీ ఊచలు పట్టుకుని కూర్చునే వచ్చాడు. ఇల్లు చేరేసరికి జ్వరం, నోట్లోంచి నురుగులాంటి కఫం. నేను పాలు పోయడానికి వెళ్లిన సమయంలో అత్తమ్మ ఆయనను శాలిబండలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తల్లి పక్కనే కూర్చుంటే ఆయన ఏం చెబుతాడు? ప్రయాణంలో చలి పట్టిందన్నాడట. డాక్టరు మందు సీసా ఒకటి, గోళీలు ఇచ్చి పంపాడు.

మర్నాటికి పెదవులు నీలంగా మారాయి. ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. అత్తమ్మ దిష్టి తీయడానికి మిరపకాయలు వెతుకుతోంది. నేను ఆమె మాట వినకుండా ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆమె కూడా వచ్చి కూర్చుంది.

క్యాజువాలిటీలో డాక్టరు అడుగుతున్నాడు. "ఎప్పటినుంచి? సిగరెట్ తాగుతాడా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" దుప్పటి కింద మా ఆయన నా మణికట్టు గట్టిగా నొక్కాడు, చెప్పొద్దని. నాకు ఒళ్లు మండింది. ఊపిరి ఆడటం లేదు గానీ రహస్యం మాత్రం దాచాలి!

"సముద్రంల మునిగిండు సార్," అన్నాను. "నీళ్లు మింగిండు, ఇసుక గూడ. కొంగులు ముడేసుకున్నం, లేవరాలె."

డాక్టరు రాయడం ఆపేశాడు. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా? నీళ్లు లంగ్స్‌లోకి పోయాయి." ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లగా ఉంది. "ఆస్పిరేషన్ న్యుమోనియా. ఆక్సిజన్ పెడతాం, ఇంజెక్షన్లు మొదలుపెడతాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

అత్తమ్మ లొల్లి చేస్తుందని కాచుకుని ఉన్నాను. చేయలేదు. గోడవారన కూలబడింది. బర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి వార్డులోనే ఉండిపోయింది.

జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది, ఈసారి చలితో. "ఎంపయెమా. లంగ్ చుట్టూ చీము పట్టింది, ట్యూబ్ వేయాలి," అన్నారు. పక్కటెముకల మధ్య నుంచి రబ్బరు గొట్టం వేసి, దాని కొసను మంచం కింద నీళ్ల సీసాలో పెట్టారు. ఆయన దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు లేచేవి. నేను ఆ సీసా వైపు చూసేదాన్ని కాదు. అత్తమ్మ మాత్రం దాని పక్కనే కూర్చుని, అటుగా వచ్చినవాళ్లనల్లా కసిరేది.

"జర దూరం నడువుండ్రి. నా కొడుకు ఊపిరి గండ్లనే ఉన్నది."

ఒకరోజు అన్నం కలుపుతూ, తలెత్తకుండానే నాతో అంది. "నువ్వు నోరు తెరిచినవు గాబట్టి బతికిండు పిల్లా. లేకుంటె నా భయానికే సచ్చేటోడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ముద్ద నా చేతిలో పెట్టింది.

ట్యూబ్ తీశాక బుగ్గలు, అదే బెలూన్లు, ఊదించమన్నారు, లంగ్ విచ్చుకోవడానికి. పిల్లలు ఆడుకునే బుగ్గను ఇంజన్లు విప్పే మనిషి ఊదలేక బూతులు తిట్టేవాడు. తిట్టడానికి ఊపిరి చాలుతోంది కదా అని నాకు సంతోషంగా ఉండేది.

ఆ తర్వాత ఆయనకు డిపోలో తేలిక పని ఇచ్చారు. మెట్లెక్కితే సగంలో ఆగేవాడు. చలికాలంలో దగ్గు వచ్చేది. చెకప్‌కు అత్తమ్మ కూడా వచ్చేది గానీ లోపలికి మాత్రం అడుగుపెట్టేది కాదు. "నేను బయట కూసుంట కొడుకా. లోపల అంతా చెప్పు," అనేది.

నేను చెప్పేది ఒక్కటే. నీళ్లలో మునిగి బయటపడ్డ మనిషి లేచి నడిచినా, నవ్వినా నమ్మకండి. ఆ రోజే, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇంట్లో లొల్లి నాలుగు రోజులకు సద్దుమణుగుతుంది. మనిషి పోతే మళ్లీ రాడు.