నూనె పెట్టని చెక్కలు

డాక్టరేట్ కోసం నేను వెలగబెట్టినదంతా కలిపి చెబితే ఇంతే: జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నూనెతో ఒక వార్నిష్ కాచాను. దాన్ని మామిడి చెక్కలకి పూసి సముద్రంలో నానబెట్టాను. థీసిస్ మీద దీని పేరు మూడు వరుసలుండేది, చదివేసరికి నాకే ఆయాసం వచ్చేది.

పలాసలో పుట్టినదాన్ని, జీడి ఫ్యాక్టరీల పొగ పీల్చి పెరిగినదాన్ని. ఆ నూనె తగిలితే తోలు ఊడి వస్తుందని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ వాళ్లకి మాత్రం నా వేళ్లు చూశాకే తెలిసింది. గ్లవ్స్ ఉండేవి, స్టోర్ రూములో. స్టోర్ రూము తాళంచెవి ఎప్పుడూ సెలవులో ఉన్న మనిషి జేబులో ఉండేది. మా గైడు గారు చాలా మంచివారు, అంటే అరుదుగా కనబడేవారు.

ఉప్పునీటి పరీక్ష ల్యాబ్ తొట్టెలో చేద్దామంటే పంపు పనిచెయ్యదు. దాన్ని బాగుచేయించడం కంటే సముద్రం దగ్గరికి పోవడం తేలికని గైడు గారు సెలవిచ్చారు. నేను చెక్కలన్నీ బియ్యం గోతంలో వేసుకుని పాసింజరు బండెక్కి పలాసలో దిగి, అక్కణ్ణించి ఆటోలో ఉద్దానం సముద్రపు ఒడ్డుకి పోయాను. నా చిన్నప్పటినుంచీ మా ఇంటికి చేపల గంప తెచ్చే అత్త ఊరది. వరసకి అత్త కాదు, పిలుపుకి అత్త. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట వాళ్ల పడవ కట్టే గుంజ ఉంది. ఆ గుంజకే వెదురు చట్రం కట్టి చెక్కలు నీళ్లలోకి దింపాను. సగం చెక్కలకి నా వార్నిష్ ఉంది, సగం వట్టివి. ఏడాది పోయాక వట్టివి పురుగు తిని పుచ్చిపోవాలి, నావి నిక్షేపంలా ఉండాలి. అదే నా డాక్టరేటు. అప్పుడప్పుడు పైకి తీసి నాచు గీకమని అత్తకి అప్పగించి వచ్చేశాను. వట్టివి ఎందుకు వట్టివో చెప్పాలని నాకు తట్టలేదు, ఆవిడకి అడగాలని తట్టలేదు.

ఏడాది తర్వాత పైకి తీస్తే చెక్కలన్నీ పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. వట్టివి కూడా. ఒక్క పురుగు కన్నం లేదు. గైడు గారు కళ్లజోడు పైకెత్తి, కిందికి దింపి, నీ వార్నిష్ పూసినా ఒకటే పూయకపోయినా ఒకటేనన్నమాట, అన్నారు. నా గడువుకి మిగిలింది ఇంకొక్క ఏడాదీ, పైన రెండు నెలలూ. అది దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఏం జరిగిందో కనుక్కుందామని మళ్లీ ఆ ఊరు పరిగెత్తాను. అత్త అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి ముఖం చేటంత చేసుకుంది.

"సగానికి నూనె ఎట్టడం మర్సిపోనావు పాపా. నెలనెలా నానే ఎట్టీసినాను."

వాళ్ల ఊళ్లో పడవని నీళ్లలోకి దింపే ముందు జీడినూనె పులిమి పసుపు పెడతారు. నూనె తాగని చెక్కని గంగమ్మకి అప్పగించడం తలకి నూనె పెట్టకుండా పసిపిల్లని ఎండలోకి తోలడం లాంటిది. నా వట్టి చెక్కల్ని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమందట. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా కొంప ముంచావు అత్తా అని అరిచాను. ఆవిడ వల పక్కన పెట్టి, అరుపంతా అయ్యేదాకా ఆగి, గంజి తాగుతావా అని అడిగింది.

దీనికి గైడు గారి దగ్గర తేలిక మందుంది. వట్టివి పుచ్చిపోయాయని రాసెయ్యి, సముద్రంలోకి దిగి ఎవడు చూడొచ్చాడు, అన్నారు. రాయలేదు. నేనేదో హరిశ్చంద్రుడి చుట్టాన్నని కాదు. తోలు ఊడగొట్టుకుని కాచిన వార్నిష్, అది నిజంగా పనిచేస్తుందో లేదో నాకే తెలియకపోతే ఎలా? మొండికేశాను. కొత్త చెక్కలు కోయించి మళ్లీ పోయాను.

ఈసారి అత్తకి అంతా విడమరిచి చెప్పాను. ఇవి పుచ్చిపోవాలి, పుచ్చితేనే నాకు పట్టా, నువ్వు నూనె ముట్టుకుంటే నా చదువు గంగపాలు. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని విని, ఇదేం చదువే తల్లీ అంది. అయినా మాటిచ్చింది. ఆ ఏడాదంతా నా డాక్టరేటు ఆవిడ చేతుల్లో ఉంది, ఆ చేతులు ఊరికే ఉంటే వస్తుంది. నేను నెలకోసారి కాపలా పోయేదాన్ని. నాచు గీకేటప్పుడు ఆవిడ వట్టి చెక్కలవైపు చూసేది కాదు, మొహం పక్కకి తిప్పుకుని తడుముకుంటూ గీకేది. ఆ వేషం చూసి నాకు నవ్వాగేది కాదు.

గడువుకి ముందు నెల చట్రం పైకి లాగాం. నా వార్నిష్ చెక్కలు గట్టిగా, నున్నగా ఉన్నాయి. వట్టివి తేనెపట్టులా కన్నాలు పడి, పట్టుకుంటే వేళ్ల మధ్య పొడైపోతున్నాయి. నేను ఇసకలో గెంతాను. వచ్చేసింది అత్తా, వచ్చేసింది అని ఆవిణ్ణి పట్టుకుని ఊపేశాను.

ఆవిడ గెంతలేదు. ఒక పుచ్చు ముక్కని చీరకొంగులో పెట్టుకుని తడి ఒత్తుతోంది.

"ఏడాదంతా కళ్ల ముందే సచ్చిపోతంటే సూసినాను. మా ఊరోలు అడిగితే ఏటీ సెప్పనేకపోనాను. నీ సదువు అయిపోయింది కదా పాపా, ఇప్పుడు ఎట్టనా నూనె?"

నూనె పెడితే బరువు మారిపోతుంది. ఎంత పుచ్చాయో తూకం వేసి చూపించాలి, లేకపోతే పట్టా లేదు. వద్దత్తా అన్నాను. ఆవిడ ఆ ముక్కని పొడి రాలకుండా రెండు చేతులతో నా గోతంలో పెట్టింది.

"సదువు ఇచ్చినట్టు నీకు మనసు ఇయ్యనేదు దేవుడు," అంది.

పలాస స్టేషన్లో బండి వచ్చేదాకా గోతం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను గెలిచాను, నాకది తెలుసు. అయినా ఏడుపొచ్చింది.