ఆషాఢపు వాన వార్త

కోరుట్లలోని ఓ ప్రైవేటు బడిలో ప్రవళిక ఇంగ్లిష్ టీచరు. సారంగాపూర్ నుంచి జగిత్యాల మీదుగా బస్సులో వస్తుంది. ఏడో తరగతికి కొత్త మాటలు నేర్పడానికి తన ఫోన్‌లో ఆ పూట ఇంగ్లిష్ వార్త తెరిచి పిల్లలతో చదివించేది. పోయిన ఆషాఢంలో వాన వార్త చదువుతుంటే కిటికీ బయట వాన పడుతూనే ఉంది. పిల్లలు బయటికి చూపిస్తూ ఒక్కో మాటకూ అర్థం చెప్పారు.

ఆ ముచ్చట బడి నడిపే కరస్పాండెంట్ నర్సన్న సార్ చెవిన పడింది.

"మంచిగుంది. గీ వార్తనే బట్టీ పట్టియ్యి. పేరెంట్స్ మీటింగుల చదివిద్దాం."

"సార్, రోజుకొక వార్తయితేనే..."

"రోజుకొకటైతే తప్పులు వోతరమ్మా."

ప్రవళిక ఆ వార్తనే బట్టీ పట్టించింది. రెండేళ్లు ఉద్యోగం మానకూడదని ఆమె అసలు సర్టిఫికెట్లు ఆయన తన బీరువాలో పెట్టుకున్నాడు. అలా ఆ వార్త మార్చి దాకా బతికింది.

మీటింగు రోజు సార్ మైకు అందుకున్నాడు. "మా పిల్లలు ఏ రోజు వార్త ఆ రోజు ఫోన్ల సదువుతరు."

ఏడో తరగతి లత టీచరు ఫోన్ పట్టుకుని తడబడకుండా ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో అర్థం చెప్పింది: జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో రెండు రోజులు ఉరుములతో భారీ వర్షాలు.

వెనక వరసలో లత నాయనమ్మ కిష్టవ్వ దిగ్గున లేచింది. "ఓయవ్వో! ఉడకవెట్టిన పసుపు కళ్లంల ఆరవోసచ్చిన! మీద కప్ప పరదా గూడ లేదు!"

"గా ఎండ జూడు. మొగులేడుందే?" అంది పక్కనున్న సాయవ్వ.

"నీకేం, నీ పసుపు అమ్ముడువాయె. ఫోన్ల అచ్చినంక అబద్ధమైతదా?" కిష్టవ్వ చెప్పులు వెతుక్కుంటోంది.

లత తన టీచరు వైపు చూసింది. సార్ కూడా చూశాడు, వేలు పెదవి మీద పెట్టుకుని. ముసలావిడ అప్పటికే గుమ్మం దాటుతోంది.

"అవ్వా, ఆగు! గది పాత వార్త. పోయిన ఆషాఢంది."

హాలంతా గొల్లున నవ్వింది. "పాత వానకు కొత్త పరదా కొనుక్కరాపోయినవ్!" అంది సాయవ్వ. కిష్టవ్వ మాత్రం నవ్వలేదు. "మరి మా పోరితోని అబద్ధమెందుకు సదివిపిచ్చిన్రు?" అంది.

మరునాడు సార్ తిట్టలేదు. ఇంగ్లిష్ వార్త ఉన్న ఒక కాగితం ప్రవళిక చేతికిచ్చాడు. "ఇగ క్లాసుల ఫోన్ బంద్. వచ్చే యేడు మీటింగుకు గిది బట్టీ పట్టియ్యి. యాడనో సముద్రంల తిమింగలం ఒడ్డుకచ్చిందట. కోరుట్లల ఎవ్వలు లేచి ఉరకరు."

ఆమె తరగతికి వెళ్లి ఆ కాగితంలోని మాటలన్నీ బోర్డు మీద రాసింది. లత లేచి నిలబడింది.

"టీచర్, గిది ఎప్పటిది?"

తరగతంతా ప్రవళిక వైపే చూస్తోంది. తలుపు దగ్గర సార్ నిలబడి ఉన్నాడు.

"చదువు బిడ్డా," అంది ఆమె, మళ్లీ బోర్డు వైపు తిరిగి.