మునసబుగారింట్లో ఆయన

"మునసబుగారింట్లో ఆయన పోయేరండి" అని పాలు పోస్తూ పాలావిడ చెప్పింది. మునసబుగారు గతించి చాలాకాలమైంది. ఒక వ్యక్తి రెండుమార్లు మరణించడానికి నిబంధనలు అనుమతించవు. కనుక పోయినది పక్కింటి బాబాయిగారని గ్రహించాను.

కొత్తపేటలో మా పక్కనున్న ఎర్ర ఇటుకల ఇంటి చరిత్ర క్లుప్తమైనది. మునసబుగారు గానుగ సున్నంతో గోడలు కట్టించి, పైపూత పూయించకుండానే కాలం చేశారు. ఆయన కుమారుడు ఆ ఇంటిని, కాలవ లాకుల సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన బాబాయిగారికి అమ్మి కాకినాడ వెళ్లిపోయారు. రిజిస్ట్రారు కచేరీలో యాజమాన్యం ఆ పూటే మారింది. వీధిలో మారలేదు.

బాబాయిగారు గేటుకు తన పేరుతో రాతిపలక పెట్టించారు. పోస్టుమాన్ దానిని శ్రద్ధగా చదివి, మునసబుగారింటికి ఉత్తరం వచ్చిందని కేక వేసేవాడు. బస్సు దిగి రిక్షా ఎక్కితే, తన ఇంటికి తాను చేరడానికి మునసబుగారి పేరే చెప్పవలసి వచ్చేది. పట్టుదలకు పోయి సొంత పేరు చెప్పిన రోజున రిక్షావాడు ఊరంతా తిప్పి కాలవగట్టున దించాడు. పిన్నిగారు సైతం ఫోనులో చుట్టాలకు పాత గుర్తే చెప్పేవారు. ఆ సంభాషణ జరిగినంతసేపూ ఆయన పెరట్లో ఉండేవారు.

తొంభై ఆరు తుపానులో ఆ ఇంటి పెంకులు ఎగిరిపోయాయి, గోడలు నిలిచాయి. వీధి జనమంతా అక్కడే తలదాచుకున్నాం.

"మునసబుగారి గోడలు కదండీ, కదలవు" అన్నాడు కిళ్లీకొట్టాయన.

మరి పెంకుల సంగతేమిటని ఎవరో అడిగారు.

"అయ్యి బాబాయిగారియ్యండి."

బాబాయిగారు అందరికీ టీ ఇప్పించారు.

అటుపైన ప్రతి వేసవిలో ఆయన నిచ్చెన వేసుకుని, ఇటుకల సందుల్లో రాలిన సున్నం గీకి కొత్తది మెత్తేవారు. పైపూత పూయిస్తే ఈ శ్రమ తప్పుతుందని సలహా ఇచ్చాను.

"ఆయన ఇటుకలివి అబ్బాయ్, కప్పెట్టకూడదు" అన్నారు. నిచ్చెన దిగుతూ, "నేను పోయేలోగా ఒక్కడైనా దీన్ని నా ఇల్లంటే వినాలనుంది" అన్నారు. లాకు తలుపులెత్తితే ఎంత నీరైనా పోతుంది గానీ, ఊరి నోట్లో పడ్డ పేరు పోదని కూడా సెలవిచ్చారు.

బాబాయిగారి పెదకార్యం నాడు మునసబుగారి మనవడు కాకినాడ నుంచి వచ్చాడు. లాకులాయన ఇల్లెక్కడని కిళ్లీకొట్టు దగ్గర అడిగితే, అటువంటి ఇల్లు ఈ వీధిలో లేదని కొట్టాయన బాధ్యతగా తెలియజేశాడు. నేనే వెళ్లి వెంటబెట్టుకొచ్చాను.

సంగతి విన్న పిన్నిగారు, మీ తాతగారి ఇల్లని అడిగితే సరిపోయేది కదా నాయనా అన్నారు.

"మా ఇంట్లో ఎవరూ అలా అనరండి. అమ్మేశాక నాన్నగారు అననివ్వలేదు. నా చిన్నప్పట్నుంచీ మాకిది లాకులాయన ఇల్లేనండి."

పిన్నిగారు లేచి, బాబాయిగారి గది తలుపులు రెండూ బార్లా తెరిచారు.

"ఆ మాట ఇంకోసారి అను నాయనా. కాస్త గట్టిగా."