వదిన ఫోన్‌లో ఇచ్చిన అనుమతి

వీధి మొత్తానికీ అతను ఫోన్ డాక్టరు. పగిలిన అద్దాలు మార్చడం, తడిసిన ఫోన్లకు ప్రాణం పోయడం అతని పని. అడిగినా అడగకపోయినా జాగ్రత్తలు చెప్పడం అలవాటు. "బయటి లింకులు ముట్టుకోకండి. యాప్ స్టోర్‌లో దొరికేవే పెట్టుకోండి. అక్కడ ప్రతి యాప్‌నీ పరీక్ష చేసిగానీ లోపలికి రానివ్వరు" అని వచ్చినవాళ్ళందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేవాడు. మాట అబద్ధం కాదు. ఎవరో పంపిన ఫైలు పెట్టుకుని ఫోన్ గుల్ల చేసుకున్నవాళ్ళను చూశాడు. అతని మాట విని బతికి బట్టకట్టినవాళ్ళూ ఉన్నారు.

ఆ ధీమాతోనే పాడు అలవాటొకటి పట్టుకుంది. స్టోర్‌లోది అయితే చాలు, అదేం అడుగుతోందో చూడకుండా 'అనుమతించు' మీద టకటకా నొక్కేసేవాడు. బల్ల ముందు జనం నిలబడి ఉంటే అదంతా చదువుతూ కూర్చునేదెవరు?

వదిన ఫోన్‌లోనూ అలాగే నొక్కాడు. ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. కుట్టించుకున్నవాళ్ళు ఇంట్లో తొడుక్కుని, ఎక్కడ బిగుతైందో, ఎక్కడ వదులైందో ఫొటో తీసి పంపుతారు. ఫొటోలు మసకగా ఉంటున్నాయని ఆవిడ అంటే, వెలుతురు పెంచే యాప్ ఒకటి స్టోర్‌లోంచి పెట్టాడు. అది ఫోన్‌లోని ఫొటోలన్నీ చూస్తానంది. చూడకుండానే సరేనన్నాడు.

కొన్నాళ్ళకు ఆ ఫొటోలు చూడరాని సైట్‌లో తేలాయి. ఫొటోలు దొంగిలిస్తోందని తెలిసి స్టోర్ వాళ్ళు ఆ యాప్‌ను తీసేశారు, నిజమే. బయటికి పోయిన ఫొటోలను మాత్రం ఎవరూ వెనక్కి తేలేదు. వదిన దగ్గర కుట్టించుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఆవిడ అందరి చేతా మాటలు పడుతూ "నా ఫోన్‌లోంచే పోయాయి, తప్పు నాదే" అంటోందే గానీ అతని ఊసెత్తలేదు. అదే అతన్ని కాల్చుకు తింది.

చివరికి కుట్టుగదికి వెళ్ళి, గుమ్మంలో ఉండగానే చెప్పేశాడు.

"వదినా, ఆ అనుమతి నొక్కింది నేను. అదేం అడిగిందో చూడను కూడా లేదు."

మిషన్ ఆగింది.

"నాకు తెలీదా? నా ఎదురుగానే కదా నొక్కావు. వాళ్ళు నన్ను నమ్మారు, నేను నిన్ను నమ్మాను. నువ్వెవర్ని నమ్మావయ్యా?"

"స్టోర్‌ని."

అప్పుడే కాలేజీ అమ్మాయి ఒకతె లోపలికొచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా, ఇంకా కత్తెర పడని తన గుడ్డ తిరిగిచ్చేయమంది. వదిన ఆ గుడ్డ తీసి అతని చేతిలో పెట్టింది.

"స్టోర్ వాళ్ళు ఇక్కడికి రారు కదా. నువ్వే చెప్పి ఇవ్వు."

అతను నీళ్ళు నములుతూనే జరిగిందంతా చెప్పాడు. ఆ అమ్మాయి తిట్టలేదు. గుడ్డ అందుకుని అడిగింది.

"మా అమ్మ ఫోన్‌లో కూడా యాప్‌లు పెట్టింది మీరే కదా?"

అతనికి ఆ ఫోన్ గుర్తు రాలేదు.