గుండె నిలిచిన క్షణం

మా డాక్టరు గారు పోయారు. మొన్న మంగళవారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చాను, దాచుకోవడమెందుకు. కానీ రాద్దామని కూర్చుంటే మాత్రం ఏడుపు రావడం లేదు, మేమిద్దరం గెలిచిన రోజే గుర్తొస్తోంది.

తొంభైల చివర్లో నేను టీచర్ ట్రైనింగులో ఉన్నాను. మాది కాడుగోడి, కన్నడ నాట ఉన్న ఊరు. ఉన్నట్టుండి నా గుండె దడదడలాడేది, కాసేపటికి దానంతటదే సర్దుకునేది. ఆసుపత్రికి చేరేసరికి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. అంతా భయమన్నారు. పిన్ని తాయెత్తు కట్టింది. ప్రాక్టీసు క్లాసులో కూలబడ్డాక మా ప్రిన్సిపాల్, బోర్డు ముందు నిలబడలేని పిల్లకు టీచరు పని ఎందుకని మొహం మీదే అనేసింది. ఇంకోసారి ఇలా అయితే ఇంటికి పంపేస్తానంది. నాకేమో ఆ పని తప్ప ఇంకేదీ వద్దు.

ఇంకోసారీ వచ్చింది. ఈసారి ఇంట్లో, ఎంతకీ తగ్గలేదు. అమ్మ నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆయన్ని చూడటం అదే మొదలు. ఈసీజీ కాగితం చూస్తూనే ఆయన మొహం వెలిగిపోయింది.

"దొరికింది. ఇది భయం కాదమ్మా. గుండెలో కరెంటు దారి తప్పి గిర్రున తిరగతా ఉండాది," అన్నారు.

ఆయన కన్నడిగులు. తెలుగు మాబోటి పేషెంట్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ తిరుగుడు తెంపే మందు, అడినోసిన్ సూది సిద్ధం చేయిస్తూ అమ్మతో, "భయపడొద్దు. ఇప్పుడు గుండె ఒక్క రవ్వ నిలుస్తాది," అన్నారు. కన్నడంలో గుండె నిలవడమంటే ఆగిపోవడం. నాకు రెండు భాషలూ వచ్చు కాబట్టి ఒళ్ళు చల్లబడింది. అమ్మ కన్నడం కూరగాయల బేరం వరకే. చేతులు జోడించి, "నిలవనీ అప్పా, నిలిస్తే అంతే చాలు," అంది.

మందు సర్రున ఎక్కించారు. ఏమీ కాలేదు. ఆయన అమ్మ వైపు తిరిగారు.

"ఏమన్నా తాగించినారా?"

"కాఫీ తాగిస్తిని అప్పా, చిక్కగా. బిడ్డకు బలమొస్తాదని."

"అదీ సంగతి. మందు కూర్చోవాల్సిన కుర్చీలో మీ కాఫీ కూర్చోని ఉండాది," అని డోసు పెంచారు.

ఈసారి ఛాతీ బిగుసుకుపోయింది, మొహం భగ్గుమంది. పోతున్నాననే అనుకున్నాను. తెర మీద గీత సాపుగా సాగింది. తర్వాత ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, తీరుబడిగా. ఆయన చప్పట్లు కొట్టారు. "నిలిచింది, నిలిచింది," అని అమ్మ ఏడుస్తోంది. అమ్మ ఏ నిలవడం అనుకుందో నేను చెప్పాక ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. అప్పటినుంచి తెలుగువాళ్ళందరికీ కావాలనే ఆ మాట చెప్పేవారు. "రెండూ నిజమే కదా," అనేవారు.

ఆ వారమే మా కాలేజీకి తనే వచ్చి ప్రిన్సిపాల్‌తో అన్నారు: "ఈమెకుండేది జబ్బు, పిరికితనం కాదు. జబ్బు నేను చూసుకుంటా. పాఠం ఆమె చూసుకుంటాది." మర్నాడే ప్రిన్సిపాల్ నన్ను మళ్ళీ బోర్డు ముందుకు పంపింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళంతా సంతోషంగా ఉంటుంది.

తర్వాత ఎప్పుడు చూపించుకోవడానికి వెళ్ళినా ఆయనకు అడినోసిన్ ముచ్చటే. "అది మన ఒంట్లో పుట్టేదేనమ్మా. పగలంతా మెదడులో పోగై రాత్రికి నిద్ర తెప్పించేది అదే. గుండె కండకు ప్రాణవాయువు చాలకుంటే నాళాన్ని వెడల్పు చేసేదీ అదే." నడవలేని ముసలివాళ్ళకు గుండె పరీక్ష చేయడానికీ దాన్నే వాడతారట. ఇదంతా కాఫీ తాగుతూనే చెప్పేవారు, మహానుభావుడు.

ఇప్పుడు నేను హొసకోటె బడిలో సైన్సు టీచర్ని. ఆయన పోయిన మర్నాడు సెలవు పెట్టలేదు. గుండె పాఠం తీసుకుని, మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి వెతుక్కోమన్నాను. అల్లరి క్లాసే, అయినా అందరూ తలలు వంచుకుని వెతుకుతున్నారు. చివరి బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది, చెయ్యి ఇంకా పట్టుకునే.

"మేడం, నాది కొట్టుకుంటా ఉండాది."