ముక్కు పెద్దకొడుకుది, చెవులు కూతురివి

ఆ రోజుల్లో చిత్రకళ అంటే మా నాయనగారి దృష్టిలో చేతికి పట్టిన దురద. వయసుతోపాటు అదే తగ్గిపోవాలి. పలకపై నేను పావురాన్ని గీసిన నాడు మురిసిన మనిషే, సారపాకలో గుమాస్తా కొలువు దొరికాక కూడా కుంచె విడువకపోవడం చూసి విసిగిపోయారు. ఉన్నది ఉన్నట్టు గీయడం నా వ్రతం (ఆ వ్రతఫలంగా, నుదుటి కాయతో సహా చిత్రించిన పెద్ద గుమాస్తాగారి పలకరింపునకు నెల రోజులు దూరమయ్యాను). కొలువు మానేస్తానంటే నాయనగారు ఒకే నియమం పెట్టారు: "ముందుగాల పరాయి ఇంట్ల ఒక్క గోడకు నీ బొమ్మ ఎక్కనీ. ఎక్కకుంటే కుంచెలన్నీ పొయ్యిల పెడ్త."

ఆ గోడ కారేపల్లిలో దొరికింది. ఒక రైతు కుటుంబం, గతించిన పెద్దాయన సంవత్సరీకానికి పటం కావాలని కబురు పంపింది. పది రోజులు సెలవు పెట్టి వెళ్లి, ఫోటో ఇమ్మన్నాను. "ఫోటోనే ఉంటే నువ్వెందుకయ్యా?" అన్నాడు పెద్దకొడుకు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆ మహానుభావుడు జన్మలో ఫోటో దిగలేదట. ఉన్నది ఉన్నట్టు గీసేవాడికి లేనివాడిని అప్పగించారన్నమాట!

వారికి మాత్రం ఏ దిగులూ లేదు. "నాయన ముక్కు నాకే వచ్చింది, చూసి గియ్యి" అంటూ పెద్దకొడుకు ఎదుట కూర్చున్నాడు. చెవులు కూతురికి వచ్చాయట. కమ్మలు తీసి ఆమె కూర్చుంది. గడ్డం చిన్నకొడుకు వంతు. అవయవాలన్నీ సేకరించి ఆరు రోజులు కూర్చిన ముఖం చూసి ముగ్గురూ పెదవి విరిచారు.

"గీయన ఎవరు? కరెంటు మీటర్ చూడొచ్చేటాయన లెక్కున్నడు" అంది కూతురు.

"ముక్కు జర తగ్గియ్యి" అన్నాడు చిన్నకొడుకు.

"నా ముక్కు జోలికొస్తే మంచిగుండది తమ్మీ!"

ఆ ముక్కును మూడుసార్లు చెరిపి నాలుగుసార్లు పెట్టాను. తొమ్మిదో రోజుకు నా ఓర్పు పూర్తిగా అడుగంటింది. చింతపండులో గింజలు తీస్తున్న పెద్దాయన భార్యను ప్రాధేయపడ్డాను. "అవ్వా, ఇన్నేండ్లు కాపురం చేసినవు, నువ్వన్న చెప్పరాదు?"

అవ్వ తలెత్తలేదు. "ఏం జెప్పాలె బిడ్డా? నా దిక్కు మొఖంబెట్టి ఆయన నిమ్మళంగ కూసున్నదెప్పుడు?"

అంతలో ముక్కు తగవు ముదిరింది. చిన్నకొడుకు తువ్వాలు భుజాన విసురుకొని, చెప్పులు సగమే తొడుక్కొని, ఒక భుజం వంచి విసవిసా వాకిలి దాటాడు. అవ్వ చేతిలోని చింతపండు జారిపోయింది.

"అగో! గట్లనే పోతుండె మీ నాయన. బువ్వ తినిపో అంటే ఇనకుండ."

నేను ఆ ముఖాన్ని పక్కకు నెట్టి, చట్రానికి కొత్త గుడ్డ బిగించి, మరునాడు సాయంత్రం దాకా చిన్నకొడుకును బతిమాలి పదేపదే వాకిలి దాటించాను (ప్రతిసారీ అతడు నిజంగానే కోపగించుకోవడం నాకెంతో ఉపకరించింది).

సంవత్సరీకం నాడు, రంగు ఆరకముందే, ఆ వీపుకు బంతిపూల దండ వేశారు. "ముఖమేదమ్మా?" అన్నారు పురోహితులు.

"ఆయన మళ్లొస్తే జూద్దువుగాని పంతులూ, గిప్పుడైతే పోతుండు" అంది అవ్వ, కళ్లొత్తుకుంటూ.

మా నాయనగారు స్వయంగా వచ్చి ఆ గోడను పరిశీలించారు. "మొఖం లేని బొమ్మ కోసం నౌకరి ఇడిచిపెడ్తవా?" అన్నారే గాని, కుంచెల జోలికి మళ్లీ రాలేదు. ఆ వారమే రాజీనామా ఇచ్చాను.

తరువాత ఎన్ని వందల ముఖాలు గీశానో! అయినా, ఆ రాజీనామా నాడు చేతిసంచి ఊపుకుంటూ, లోకాన్ని జయించినవాడిలా కచేరీ మెట్లు దిగిపోయిన ఆ పిచ్చి గుమాస్తాను ఒక్కసారి వెనుకనుంచి చూడాలని ఇప్పటికీ ఉంటుంది. వాడిని మాత్రం ఎవరూ గీయలేదు.