అక్క శుభలేఖలో పరాయి పెళ్ళికొడుకు

నా తెలివితక్కువతనానికి మా ఇంట్లో ఎవరూ సాక్ష్యం అడగరు. అందరూ ప్రత్యక్ష సాక్షులే. మీరు లేరు కాబట్టి మీ కోసం మళ్ళీ ఒప్పుకుంటున్నాను. సొంత అక్క పెళ్ళిని మరో పెళ్ళికొడుకుతో దాదాపు జరిపించేసినవాణ్ణి నేనే. అదీ కూర్చున్న చోటు నుంచి లేవకుండా, ఒకే ఒక్క లైను రాసి.

అప్పట్లో నేను ఫోన్లో వీడియోలు చూసి వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాష నేర్చుకుంటున్నాను. ములకలపల్లిలో మా డాబా మీద ఒక మూలకి మాత్రమే సిగ్నల్ దయ ఉండేది. ఆ మూలే నా విశ్వవిద్యాలయం. ఆబ్జెక్టుల పాఠం పూర్తయిన రోజున మెట్లు దిగుతుంటే నా నడకే మారిపోయింది.

ఆబ్జెక్టు అంటే కంగారు పడకండి, ఒక సంచి అనుకోండి. లోపల పేర్లు రాసి కట్టిన పొట్లాలు. ‘వధువు’ అన్న పొట్లం విప్పితే మా అక్క స్వరూప. ‘వరుడు’ అన్నది విప్పితే కొత్తగూడెం వైపు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసే మా మహేందర్ బావ. పొట్లం పేరు చెప్పి పిలిస్తే లోపలిది బయటికొస్తుంది. ఆ సంచికి ‘అక్క_పెళ్ళి’ అని పేరు పెట్టి, దాంతో ఒక శుభలేఖ పేజీ చేసి, లింకు చుట్టాలందరికీ పంపాను.

ఫ్లెక్సీలూ పెళ్ళి కార్డులూ వేసే సైదులన్నకి ఇది నచ్చలేదు. “లింకుకు పసుపు యాడ పూస్తవ్ రా?” అని అడిగాడు.

“స్క్రీను మీద పూస్తనన్నా” అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ నవ్వకపోవడాన్ని నేను మనసులో గుర్తు పెట్టుకున్నాను.

ఇంతలో పెనుబల్లి నుంచి నరేష్ అనే అతను ఆ లింకు చూసి బండేసుకుని వచ్చాడు. తన పెళ్ళికీ అలాంటిదే కావాలట. “పిల్ల పేరు, ఫొటో రేపు పంపుతనన్నా. ఇయ్యాలటికి నా పేరు, నా ఫొటో పెట్టు” అన్నాడు.

సైదులన్న కార్డులు ఎలా వేస్తాడో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పాత కార్డు తీస్తాడు, పేర్లు మారుస్తాడు, కొత్త కార్డు తయారు. నేనూ అదే దారి పట్టాను. ‘నరేష్_పెళ్ళి = అక్క_పెళ్ళి’ అని రాశాను. తర్వాత నరేష్_పెళ్ళిలో వరుడి పేరూ ఫొటోనూ మార్చేసి, పేజీ ఎక్కించి, కిందికి దిగి అన్నం ముందు కూర్చున్నాను.

ముద్ద నోట్లో ఉండగానే బావ వాళ్ళమ్మ ఫోను.

“పిలగా, మా మహేందర్ ఎటువోయిండు?”

“డ్యూటీకి పోయిండేమో అత్తమ్మా.”

“నీ లింకుల సంగతి అడుగుతున్న. నల్లద్దాలు పెట్టుకొని బండి మీద ఒరిగినోడు ఎవడు? స్వరూప పక్కన నరేష్ అని ఉన్నది. మీ అక్కకు ఏమైతడు?”

“ఏమీ కాడత్తమ్మా!”

“ఏమీ కానోడు శుభలేఖలకు ఎట్లొచ్చిండు? మాపటికి పెద్దమనుషులతోని వస్తున్నం. అప్పటిదాంక లగ్గం మాట ఎత్తకుండ్రి.”

అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుని లింకు చూసింది. “తమ్మీ, ఈడెవడ్రా? నా లగ్గం చెడిందంటే నిన్ను ఈ ఊర్లె ఉండనియ్య” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు భయమేసింది. భయం వేసిన వెంటనే నా బుర్ర తప్పు వెతకలేదు, దొంగని వెతికింది. ఎవడో పేజీలోకి దూరాడు! ఎవడు? పసుపు గురించి అడిగినవాడు, నవ్వనివాడు!

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని సైదులన్న షాపుకి పరిగెత్తాను. ఆయన ఒక పెద్ద ఫ్లెక్సీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఆరిందా లేదా అని చూస్తున్నాడు.

“అన్నా, నా పాస్‌వర్డ్ నీకెట్ల తెలిసింది?”

“నీ పాస్‌వర్డ్ నాకెందుకురా? నా పాస్‌వర్డే నాకు యాదుండదు.”

“మరి నీ జేబుల ఫోను మోగుతుంటే ఎత్తవేంది? ఎవరు చేస్తున్నరు?”

“మా ఇంటామె. ఎత్తితే కూరగాయలు తెమ్మంటది.”

ఇంత సూటిగా సమాధానం చెప్పేవాడు నేరస్థుడు కాక ఇంకెవరు? అక్కడే లాప్‌టాప్ తెరిచి, అక్క_పెళ్ళిలో వరుడి పేరూ ఫొటోనూ మహేందర్‌వే అని అడుగున మళ్ళీ రాశాను. బావ లింకులోకి తిరిగొచ్చాడు. “చూసినవా, నిన్ను పట్టుకోంగనే సక్కగైంది!” అని అరిచాను.

అరుపు ఆగకముందే నరేష్ ఫోను. “అన్నా, నా లింకుల నా ఫొటో లేదు. ఎవరో కోరమీసం ఆయన ఉన్నడేంది? మా అత్తగారోళ్ళు చూస్తే ఏమన్న ఉన్నదా?”

సైదులన్న చేతుల్లో ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. కాలితో మార్చాడేమోనని ఆయన కాళ్ళవైపు కూడా చూశాను. నరేష్‌ని సరిచేస్తే అక్క లింకులో బావ మాయం. బావని నిలబెడితే నరేష్ మాయం. నా అనుమానం నరేష్ మీదికి పోయింది. అక్కణ్ణుంచి, పెళ్ళి ఇష్టం లేక ఇదంతా చేస్తున్నాడేమోనని స్వయంగా బావ మీదికీ పోయింది. అనుమానించడానికి మనుషులు అయిపోయాక, చివరికి కంప్యూటర్నే నిలదీశాను. అక్క_పెళ్ళీ నరేష్_పెళ్ళీ ఒకటేనా అని మూడు ఈక్వల్ గుర్తులు పెట్టి అడిగాను.

‘ట్రూ’ అంది.

అప్పుడు వెలిగింది. నేను కొత్త సంచి కుట్టనే లేదు. ఉన్న సంచికే రెండో పేరు తగిలించాను. బడిలో నేను కిరణ్‌ని, ఇంట్లో చిన్నోణ్ణి. కిరణ్‌కి గుండు గీయిస్తే చిన్నోడికి జుట్టు మిగులుతుందా?

కొత్త సంచి కుట్టి, అందులోకి పాత పొట్లాల నకళ్ళు పోయడానికి పాత సంచి పేరు ముందు మూడు చుక్కలు పెడితే చాలట. పెట్టాను. నరేష్ సంచిలోంచి మా అక్క పొట్లం తీసేశాను. ఎవరి పెళ్ళికొడుకు వాళ్ళ లింకులో కుదురుగా కూర్చున్నాడు. సైదులన్నకి చేతులు జోడించాను. “దండాలు తర్వాత, ముందుగాల ఈ కొస వట్టుకో” అన్నాడాయన.

సాయంత్రం పెద్దమనుషులకి సంచుల కథంతా చెప్పాను. అత్తమ్మ ముఖంలో నమ్మకం రాలేదు.

“గట్లయితే ఆ నరేష్‌కు వేరే పిల్ల ఉన్నదా?”

“అవ్ అత్తమ్మా.”

“ఫోను కలుపు.”

వీడియో కాల్ కలిపాను. “బిడ్డా, నీ పిల్ల పేరేంది?” అని అడిగింది.

“మౌనిక, పెద్దమ్మా” అన్నాడు నరేష్.

“ఫొటో చూపియ్యి.”

చూపించాడు. ఆమె అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చూసి, అప్పుడు చాయ్ గ్లాసు అందుకుంది. ఆ గ్లాసు ఆమె పెదవులకి తగిలిన చప్పుడు మా అక్కకి సన్నాయిలా వినిపించి ఉంటుంది.

పెళ్ళి ఘనంగా జరిగింది, సరైన వరుడితోనే. కాకపోతే బావకి ఒక అలవాటు మిగిలింది. నలుగురిలో నేను కనబడితే చాలు, “బామ్మర్దీ, ఇయ్యాల నేనెవర్ని? మహేందర్‌నా, నరేష్‌నా?” అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, పళ్ళు కొరుకుతూ.

అగ్ని ఎదుట కాకపోయినా వేడెక్కిన లాప్‌టాప్ ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఒక సంచికి రెండు పేర్లు పెట్టి అవి రెండు సంచులని నమ్మను. నమ్మినా, ఫ్లెక్సీ పట్టుకున్న మనిషిని అనుమానించను.

ఆ మధ్య బావ మెల్లగా నా పక్కన చేరాడు. “బామ్మర్దీ, ఆ లింకుల నా కండ్లు సగం మూసుకొని ఉన్నయ్. తాగినోని లెక్క కనవడుతున్న. ఆ ఫొటో జర మార్చరాదు?”

“అయ్యో బావా! ఇంకెవడూ వరుణ్ణి మార్చకుండా ఆ ఆబ్జెక్టును ఫ్రీజ్ చేసిన. గడ్డకట్టిపోయింది. ఇగ లోపల ఏదీ మారది.”

“ఎన్నటికీ?”

“ఎన్నటికీ.”

అసలు ఫైలు నా దగ్గరే ఉందనీ, ఆ ఫ్రీజ్ లైను ఒక్కటి తీసేస్తే చిటికెలో కరుగుతుందనీ ఆయనకి తెలియదు. మీరు మా బావకి చెప్పకండి.